బందెలదొడ్డి తొట్టిలో నీళ్లు

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఎండాకాలం నేను పోలీసు ఉద్యోగానికి పోయాను. ఊరంతా గుడారాలే. ఏ గుడారంలో ఏ ఆఫీసు ఉందో అందులో కూర్చున్న గుమాస్తాకే సరిగా తెలియని రోజులవి. ఒక గుడారంలో నా ఎత్తు కొలిచారు. ఇంకో గుడారంలో ఛాతీ కొలిచారు. తుంగభద్ర ఒడ్డున ఇసుకలో పరుగెత్తించారు. ఎత్తు సరిపోయింది. ఊపిరి బిగబట్టి ఛాతీ ఉబ్బిస్తే కావలసిన దానికంటే అరంగుళం ఎక్కువే వచ్చింది గాని, కొలిచిన జవాను ఆ అరంగుళం రాసుకోలేదు. ఆ సంగతి నేనింకా మరచిపోలేదు. పరుగులో మూడోవాణ్ని. మొదటి ఇద్దరూ చెప్పులు విప్పి పరుగెత్తారు. విప్పవచ్చునని నాకెవరూ చెప్పలేదు.

చివరి గుడారంలో ఒక అచ్చు కాగితం ఇచ్చి నింపమన్నారు. పేరు, తండ్రి పేరు, ఊరు, చదువు, ఒంటి మీద మచ్చలు. అన్నీ గబగబా రాశాను. ఒక ప్రశ్న దగ్గర కలం ఆగింది. ఎప్పుడైనా ఏదైనా నేరం చేసినట్టు కోర్టులో తేలిందా అని ఆ ప్రశ్న. దాని ఎదురుగా వేలెడు జాగా వదిలారు.

నా పక్కన కూర్చున్న కడప కుర్రవాడు అప్పటికే కాగితం మడిచి జేబులో పెట్టుకున్న వేరుశెనక్కాయలు ఒలుచుకుంటున్నాడు.

"ఏమప్పా, అంతసేపు ఏం సూస్తాండావు? లేదని గీకి పడెయ్" అన్నాడు.

"ఉండాదే" అన్నాను.

"ఏముండాది?"

"కేసు."

వాడు శెనక్కాయలతో సహా అవతలికి జరిగాడు.

నేను లేచి గుమాస్తా దగ్గరికి పోయి ఇంకో కాగితం అడిగాను. జాగా చాలదన్నాను. ఆయన నా ముఖం చూసి, ఎంత చదువుకున్నావని అడిగి, కాగితం ఇచ్చాడు. అది నిండాక ఇంకోటి. చివరికి మూడు కాగితాలు, రెండు వైపులా. లేదని రాసి ఉంటే ఎవరికీ ఏమీ తెలిసేది కాదని తరువాత చాలామంది నాకు చెప్పారు. పన్నెండేళ్ల పిల్లవాడి కేసు ఎవరు తవ్వి తీస్తారన్నారు. కాని ఆ కేసులో నా మాట వినే అధికారి కోసం నేను తొమ్మిదేళ్లుగా ఎదురుచూస్తున్నాను. ఇన్నాళ్లకు సర్కారే కాగితం చేతికిచ్చి అడిగితే, లేదని ఎట్లా రాస్తాను?

ఆ మూడు కాగితాల్లో ఉన్నది ఇది.

మాది బనగానపల్లె పక్క ఊరు. అప్పట్లో మాకొక పాడి గేదె, మా మాటలో ఎనుము, ఉండేది. కొమ్ములు మెలి తిరిగి, ఎడమ చెవికి చిన్న కోత. చాలా మర్యాద గల ఎనుము. ఒక ఎండాకాలం మధ్యాహ్నం అది మా మునసబుగారి ఉల్లిమడి గట్టున నీళ్ల కాలువలో నిలబడింది. ఉల్లి తినలేదు. నీళ్లలో నిలబడింది, అంతే. చెరువు ఎండి, వంక ఎండి, ఊరి పశువులన్నీ తడి కోసం ముక్కులు ఎగబీలుస్తూ తిరుగుతున్న రోజులు. మునసబుగారి మనిషి దాన్ని తోలుకొనిపోయి బందెలదొడ్డిలో పెట్టాడు. పరుల చేలో పడిన పశువులను కట్టి, అపరాధం కడితే గాని వదలని దొడ్డి అది. నాలుగు పక్కలా నాపబండలు పాతి, తుమ్మకర్ర తలుపు పెట్టి ఉండేది. దానికి ఒక కాపరి. ముసలి సాయిబు. దొడ్డి పక్కనే గుడిసె వేసుకొని ఉండేవాడు.

మా నాయన నంద్యాల సంతకు పోయాడు, రెండు రోజులకు గాని రాడు. అపరాధం కట్టడానికి అమ్మ దగ్గర ఏమీ లేదు. నేను సాయంత్రం పోయి బండల మీదుగా తొంగి చూశాను. మాది కాక ఇంకా పద్దెనిమిది ఉన్నాయి లోపల. రాతి తొట్టి అడుగున ఎండిన నాచు తప్ప చుక్క నీరు లేదు. మా ఎనుము ఆ నాచును నాకుతోంది. నన్ను చూసి అరవను కూడా లేదు. అరిచి ఉంటే ఊరుకుందునేమో.

మరునాడు తెల్లవారగానే పోయి తలుపు గడియ కర్ర ఎత్తి పక్కన పెట్టాను. నేను చేసింది అంతే. పశువులు వాటంతట అవే నడిచి పోయాయి. ఒక కుంటి దూడ కదలలేదు. అది అక్కడే ఉండిపోయింది.

మునసబుగారు స్టేషనుకు రాసి పంపిన రిపోర్టులో ఏమని ఉందో తెలుసా? దొడ్డి పగలగొట్టి పంతొమ్మిది పశువులను తోలుకుపోయాడని ఉంది. పగలగొట్టలేదు, గడియ తీశాను. తోలుకుపోలేదు, అవే పోయాయి. పంతొమ్మిది కాదు, పద్దెనిమిది. ఒక్క వాక్యంలో మూడు అబద్ధాలు. తొట్టి నిండా నీళ్లున్నాయని కాపరి చేత కూడా ఒక కాగితం మీద వేలిముద్ర వేయించారు. అది నాలుగోది.

తాలూకా కోర్టుకు నన్ను నడిపించుకొని పోవడానికి ఒక ముసలి కానిస్టేబులు వచ్చాడు. ఎర్ర తలపాగా, ఖాకీ నిక్కరు, మోకాళ్ల మీద దుమ్ము. ఎనిమిది మైళ్ల దారి. మా నాయన వెనకాల, తల వంచుకొని. సగం దారిలో ఒక బావి దగ్గర కానిస్టేబులు ఆగి, చేద వేసి నీళ్లు తోడి, దోసిలి పట్టమన్నాడు.

"నువ్వు తాగు సార్ ముందు" అన్నాను.

"ముద్దాయి ముందు తాగాల. నువ్వు దారిలో సొమ్మసిల్లితే నా ఉద్యోగం పోతాది" అన్నాడు.

నేను తాగాక మా నాయనకు పోశాడు. ఆ తరువాత తను తాగాడు. ఊరు చేరాక బొరుగుల ఉగ్గాని తన దుడ్లతో కొనిపెట్టాడు. మిరపకాయ బజ్జీ మాత్రం ఇవ్వలేదు. కడుపు నొస్తాదన్నాడు. నొప్పి రాదని నేను చెప్పాను, వినలేదు. ఆ బజ్జీ సంగతి పక్కన పెడితే, ఆ మొత్తం వ్యవహారంలో నాకు నీళ్లిచ్చింది ఆయనొక్కడే. పోలీసు అయితే ఇట్లా కావాలని అప్పుడే అనుకున్నాను.

కోర్టులో మేజిస్ట్రేటుగారు రెండే ప్రశ్నలు అడిగారు.

"దొడ్డి తలుపు తీసింది నువ్వేనా?"

"నేనే. తొట్టిలో..."

"తీసింది నువ్వా కాదా? అంతే చెప్పు."

"నేనే."

అయిపోయింది. నేరం చేసినట్టు రాసుకున్నారు. చిన్నవాణ్నని మందలించి వదిలేశారు. ఏడాది పాటు బుద్ధిగా ఉంటానని మా నాయన చేత పూచీకత్తు మీద వేలిముద్ర వేయించారు. ఆయన జీవితంలో వేసిన వేలిముద్ర అదొక్కటే. తొట్టిలో నీళ్లున్నాయా అని ఎవరూ అడగలేదు. మునసబుగారు అడగలేదు, స్టేషనులో అడగలేదు, కోర్టులో అడగలేదు. బడిలో పిల్లలు మాత్రం ఆ రోజు నుంచి నన్ను కేడీ అని పిలవడం మొదలుపెట్టారు. పెద్దయ్యాక కూడా మానలేదు. మా మేనమామ పెళ్లి పందిట్లో పప్పు వడ్డిస్తూ ఒకాయన, "కేడీకి ఇంకో గరిటె వేయండప్పా" అన్నాడు. ఆయనెవరో నాకు గుర్తుంది.

ఇదంతా రాసి ఇచ్చాను. నాలుగో రోజు దొరగారు పిలుస్తున్నారన్నారు. జిల్లా పోలీసు పెద్ద అధికారి. తెల్లవాళ్లు పోయి ఏళ్లయినా ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ని దొర అనే అనేవాళ్లు. ఆయన గుడారంలో బల్ల మీద నా మూడు కాగితాలు ఉన్నాయి. గాలికి ఎగరకుండా మీద ఒక బేడీల జత పెట్టారు. ఎవరైనా నా కాగితం రెండో వైపు తిప్పి చదవడం అదే మొదటిసారి. నాకు సంతోషంగానే ఉంది.

"ఇది రాయకపోతే ఈపాటికి నీకు తలపాగా ఇచ్చేవాళ్లు. తెలుసా?" అన్నారు.

"తెలుసు సార్."

"మరెందుకు రాశావు?"

"అడిగినారు కదా సార్."

పక్కన నిలబడ్డ రైటరు దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఇందులో సగం మునసబు మీద ఫిర్యాదు. పావు వంతు మేజిస్ట్రేటు మీద" అన్నారు దొరగారు.

"మిగతా పావు దొడ్డి కాపరి మీద సార్."

"బజ్జీ పెట్టలేదని కానిస్టేబులు మీద కూడా ఉందే."

"అది చిన్నది సార్. చివర్లో జాగా మిగిలింటే రాసినా."

ఆయన కాగితాలు మళ్లీ బేడీల కింద పెట్టారు. తరువాత మెల్లగా చెప్పారు. స్టేషను నుంచి పాత రిపోర్టు ఎట్లాగూ వస్తుంది. దాన్లో పగలగొట్టాడు, తోలుకుపోయాడు అనే ఉంటుంది. నా మాట నేనే చెప్పుకుంటే చెల్లదు. ఆ రోజు అక్కడున్న వాళ్లలో ఒకరిని తీసుకురావాలి. నెల రోజులు గడువు. నెల దాటితే నా చోటు వరుసలో తరువాతివాడికి పోతుంది.

తరువాతివాడు ఆ శెనక్కాయల కడపవాడు. గుడారం బయట నిలబడి నా వైపు చాలా ప్రేమగా చూస్తున్నాడు.

ఇంటికి వచ్చి సంగతి చెబితే అమ్మ రొట్టె తట్టడం ఆపింది.

"మూడు కాగితాలా? మీ నాయన నన్ను సూసుకోను వచ్చిననాడు మూడు మాటలు మాట్లాడలా. నీకీ వాగుడు యాడ్నుంచి వచ్చిందో దేవుడికే తెలియాల" అంది.

మా నాయన రొట్టె తిని, చెయ్యి కడుక్కొని, "సాయిబు కాడికి పో" అన్నాడు.

నిజమే. వేరే దారి లేదు. మునసబుగారు రెండేళ్ల కింద కాలం చేశారు. నా మాట వినకుండానే పోయారు. ఆయన మీద నాకున్న ఫిర్యాదుల్లో అదొకటి. మిగిలింది దొడ్డి కాపరి ఒక్కడే. ఆయనతో నేను తొమ్మిదేళ్లుగా మాట్లాడటం లేదు.

పోయేసరికి సాయిబు గుడిసె ముందు కూర్చొని పలుపుతాడు పేనుతున్నాడు. గడ్డం పూర్తిగా నెరిసింది. నన్ను చూసి తాడు ఆపలేదు.

"తాతా" అన్నాను.

"ఓహో, ఇప్పుడు తాతనైతినా? తొమ్మిదేండ్లు ఈ దోవనే పోతాండావు. ఒక్కనాడన్నా సలామంటివా?"

"నువ్వు పలకరిస్తివా?"

"పెద్దోణ్ని నేనా, నువ్వా?"

"అబద్ధం వేలిముద్ర వేసింది నువ్వా, నేనా?"

తాడు ఆగింది. ఆయన నా వైపు తిరిగి వేలు చూపించాడు.

"నా సొరపాదు తినింది నీ ఎనుము. ఈ గుడిసె మిందంతా పారిండె. పదకొండు పిందెలు. నువ్వు తలుపు తీస్తే నేరుగా ఈడికే వచ్చింది. ఒక్క పిందె మిగల్సలా. ఆమింద నేను ముసలోణ్ని ఎండలో మూడు దినాలు గొడ్ల కోసరం తిరగలా? నా కేసు ఎవురు రాసుకున్నారు బేటా?"

సొరపాదు సంగతి నాకు అంతవరకు తెలియదు. నా మూడు కాగితాల్లో అది లేదు. అయినా తగ్గకుండా, వచ్చిన పని చెప్పాను. ఆయన మొత్తం విని, ఖాకీ గుడ్డల కోసమా అని నవ్వి, మళ్లీ తాడు అందుకున్నాడు.

"కడపలో నా మనవరాలి నిఖా. కూతురు కబురు మింద కబురు పంపిస్తాంది. ఎనిమిది దినాలు పోయిరావాల. ఈ దొడ్డిని ఇడిసి నేను పండగపూట కూడా పొయ్యిందిల్యా. కాపలా ఉంటానని ఊర్లో ఒక్కడు ముందుకు రాల్యా. నువ్వుండు. వచ్చినాక సూస్తాం."

"వచ్చి దొర కాడ చెప్తావా?"

"సూస్తామంటిని కదా."

లేచి నడుముకున్న మొలతాడు నుంచి ఒక ఇనుప తాళంచెవి విప్పి నా చేతిలో పెట్టాడు. జానెడు పొడుగుంది. తలుపుకు తాళం ఎప్పుడు పెట్టారని అడిగాను.

"నువ్వు పుణ్యం కట్టుకున్న వారానికే. సుట్టుపక్కల పది ఊర్లలో తాళమున్న బందెలదొడ్డి మనదే. అంతా నీ పేరే" అన్నాడు.

కేడీ చేతికి దొడ్డి తాళం ఇచ్చారని ఊరంతా తెలిసింది. మొదటి రోజు పొద్దున పనీపాటా మానుకొని కొందరు చూడటానికి వచ్చారు. పప్పు గరిటె ఆయన కూడా వచ్చాడు. "తాళం తీయడం నీకు అలవాటే కదప్పా" అన్నాడు. తాళం కాదు, గడియ అని సరిదిద్దాను.

నా ఆలోచన ఒకటే. ఎనిమిది రోజులూ తొట్టి నిండుగా ఉంచి, మనిషి తలచుకుంటే నీళ్లు పెట్టవచ్చునని ఊరికి చూపించాలి. ముఖ్యంగా సాయిబుకు చూపించాలి. బావి దొడ్డికి వంద అడుగుల దూరం. ఆ ఎండలకు నీరు ఎక్కడో పాతాళంలో ఉంది. గిలక మీద తాడు లాగి లాగి, కడవలు మోసి మోసి, మొదటి రోజు ఇరవై కడవలు పోశాను. లోపల ఉన్నవి నాలుగు పశువులే. మధ్యాహ్నానికి తొట్టి ఖాళీ. సరే, ఎండకు తాగాయనుకున్నాను. రెండో రోజు ముప్పై. మళ్లీ ఖాళీ. నాలుగు గొడ్లు ముప్పై కడవలు తాగి, కడుపు పగలకుండా నిలబడి ఉండటం నాకు అనుమానం కలిగించింది. మూడో రోజు పశువులను బయట చెట్టుకు కట్టేసి, తొట్టి నింపి, ఎదురుగా గొంతుక్కూర్చొని చూశాను. రెండు చుట్టలు కాల్చేంత సేపట్లో నీరు సగానికి దిగింది.

పగులు. తొట్టి అడుగున మూలకు, వెంట్రుక మందాన. దాని కింద నేల ఎప్పుడూ చెమ్మగా ఉండేది. పశువుల మూత్రమని అందరూ అనుకునేవాళ్లు. నేనూ అదే అనుకున్నాను.

ఆ పూట నాకు అన్నం సహించలేదు. తొమ్మిదేళ్లుగా ఒక మనిషి మీద మోసిన ఫిర్యాదు అట్లా కళ్ల ముందే నేలలోకి ఇంకిపోతే ఎవరికైనా బాధగానే ఉంటుంది. ఆయన పోసే ఉంటాడు. పోసి, గొడ్లకు మేత తేవడానికి పోయి, వచ్చేసరికి తొట్టి ఎండి ఉండేది. నేను తొంగి చూసింది ఆ ఎండిన వేళ.

మరునాడు సున్నం, ఇటుక పొడి, బెల్లం నీళ్లు కలిపి రుబ్బి, పగులు గీరి, పూశాను. మా నాయన చడీ చప్పుడు లేకుండా వచ్చి, గరిటెతో మెత్తి, నునుపు చేసి పోయాడు. ఒక రోజు ఆరనిచ్చాను. ఆ ఒక్క రోజు ఇంటి నుంచి గంగాళం తెచ్చి దాన్లో నీళ్లు పెట్టాను. ఆ తరువాత పది కడవలు పోస్తే సాయంత్రం దాకా నిలిచాయి.

ఏడో రోజు మామిడితోట కాపలా మనిషి ఒక ఎనుమును తోలుకొచ్చాడు. మెలి తిరిగిన కొమ్ములు. మా ఎనుమే. పాతదాని కూతురు. తల్లి బుద్ధే వచ్చింది. తోటలో పాదుల్లోకి దిగి పండుకుందట.

"నీదే గదప్పా, ఇప్పుడేం జేస్తావో జెయ్" అని వాడు అక్కడే నిలబడ్డాడు. వాడితో పాటు ఇంకో నలుగురు. పప్పు గరిటె ఆయన లేడు గాని, ఎవరో పిలుచుకొచ్చారు.

నేను దాన్ని లోపలికి తోలి, తలుపు వేసి, తాళం పెట్టాను.

సాయంత్రం అమ్మ వచ్చింది. ఒక చేతిలో పాల చెంబు, నెత్తిన జొన్న చొప్ప కట్ట. తలుపు దగ్గర నిలబడి నన్ను పైకీ కిందికీ చూసింది.

"ఏమప్పా దొడ్డి దొరా! నిన్ను కనింది నేనేనా, ఇంకెవురన్నానా?"

"అపరాధం కట్టి తోలకపోమ్మా."

"కడతాలే. రేపు కడతా. మీ నాయన ఇంట్లో లేడు." మా నాయన అప్పుడు ఇంట్లోనే ఉన్నాడు. "తలుపు తియ్యి. పాలు పిండుకోవాల. పాలు పిండుకోవద్దని గూడా మీ సర్కారు సట్టంలో ఉండాదా?"

అట్లా ఏమీ లేదు. తలుపు తీశాను. ఆమె లోపలికి పోయి మొదట తొట్టి దగ్గరికి నడిచింది. చెయ్యి మోచేతి దాకా నీళ్లలో ముంచింది. అడుగు తడిమింది. బయటకు తీసి, తడి చేత్తో ముఖం తుడుచుకుంది. అప్పుడు పాలు పిండడానికి కూర్చుంది.

"ఈ రేయి ఈడ్నే ఉండనీలే. సల్లగా ఉండాది" అంది. పోయేటప్పుడు చెంబులో పాలు సగం నా చేతిలో ఉన్న ముంతలో వంపి, "దొడ్డి కాపరికి" అంది. ఊరి జనం నవ్వారు. నేనూ నవ్వాను. మరునాడు పొద్దున్నే ఆమె అపరాధం కట్టి, ఎనుమును తోలుకొని పోయింది. ఒక్క పైసా తగ్గించమని అడగలేదు. నేను తగ్గిస్తానని అనలేదు.

తొమ్మిదో రోజు సాయిబు కడప నుంచి వచ్చాడు. కొత్త చొక్కా, కళ్లకు సుర్మా, మూటలో నిఖా ఖర్జూరాలు. బస్సు దిగి గుడిసెలో అడుగు కూడా పెట్టకుండా నేరుగా దొడ్డికి వచ్చాడు. దారిలోనే ఎనుము సంగతి ఆయన చెవిన పడింది. తొట్టి దగ్గర వంగి, నేను పూసిన చోటు అరచేత్తో రాశాడు. మళ్లీ రాశాడు.

"సున్నమేనా?"

"సున్నం, ఇటుక పొడి, బెల్లం."

"నేను మూడు తూర్లు మునసబుకు సెప్పినా. తొట్టి పగిలింది, నీళ్లు నిలవ్వు అని. బందె గొడ్లు మనకేమన్నా అల్లుళ్లా అన్నాడు." ఆయన తొట్టి గట్టు మీద కూర్చున్నాడు. "నేనే పూసుకుందును. ఆయప్ప దొడ్డి, ఆయప్ప తొట్టి, నాకెందుకనుకుంటి. రోషం."

రోషం సంగతి నాకు ఎవరూ చెప్పనక్కర లేదు. ఇద్దరం ఖర్జూరాలు తిన్నాం. గింజలు ఆయన గుడిసె పక్కన పాతాడు. మొలవవని చెప్పాను. నీకెందుకన్నాడు.

మరునాడు బస్సెక్కి కర్నూలు పోయాం. గడువుకు ఇంకా రెండు వారాల పైనే ఉంది. గుడారాల మధ్య దుమ్ము సుడి తిరుగుతోంది. దొరగారి గుడారం తాడు ఒకటి ఊడిపోయి జవాన్లు పట్టుకొని నిలబడ్డారు. బల్ల మీద నా మూడు కాగితాల పక్కన స్టేషను నుంచి వచ్చిన పాత రిపోర్టు చేరింది. శెనక్కాయల కుర్రవాడు ఆ రోజు కూడా వచ్చి గుడారం బయట కూర్చున్నాడు. కడప నుంచి రోజూ వచ్చేవాడో, అక్కడే పడుకునేవాడో తెలియదు.

దొరగారు సాయిబును కూర్చోమన్నారు. సాయిబు కూర్చోలేదు. దొరగారు పాత రిపోర్టు ఒకసారి చదివి పక్కన పెట్టి, ముసలాయన వైపు చూసి అడిగారు.

"ఆ రోజు తొట్టిలో నీళ్లున్నాయా?"

తొమ్మిదేళ్లలో ఆ ప్రశ్న అడిగినవాడు ఆయనొక్కడే. ఎవరి వైపూ చూడటం ఇష్టం లేక నేను గుడారం గుంజ వైపు చూశాను.

"ల్యా దొరా. పొద్దున పోసినా. తొట్టి పగిలిండె. మాపుటికి సుక్క ల్యా" అన్నాడు సాయిబు.

"నీళ్లున్నాయని వేలిముద్ర వేశావు కదా?"

"మునసబు కాగితం సాపినాడు, నేను ఏలు పెట్టినా. నాకు సదువు రాదు దొరా. దాన్లో ఏం రాసిండారో ఆ పొద్దు నాకెవురూ సదివి సెప్పల్యా. తప్పయితే నన్ను యాడన్నా కూసోబెట్టండి. ఈయప్పను మాత్రం ఇడిసిపెట్టండి. సొంత ఎనుమును బందె పెట్టినోడు. కన్నతల్లి వచ్చినా తాళం తీయల్యా."

"పాలు పిండుకోను తీసినా" అన్నాను. నిజం నిజమే కదా.

దొరగారు నా వైపు తిరిగారు.

"ఇంకోసారి అట్లాంటి దొడ్డి కనబడితే తలుపు తీస్తావా?"

"ముందు తొట్టి చూస్తాను సార్."

"ఖాళీగా ఉంటే?"

"నీళ్లు తోడి పోస్తాను."

"అయినా ఖాళీ అయితే?"

"పగులు వెతుకుతాను సార్."

ఆయన కలం తీసుకొని పాత రిపోర్టు అంచున ఏదో రాశారు. ఏం రాశారో నాకు చూపించలేదు. అదొకటి నాకు మిగిలిపోయింది. రాసి, పొమ్మన్నట్టు చెయ్యి ఊపారు. వెనక నుంచి రైటరు నా చొక్కా లాగుతున్నాడు. అంతలో నాకు గుర్తొచ్చింది.

"సార్, ఇంకొక్క మనవి. దాన్లో పంతొమ్మిది అని ఉంది. పద్దెనిమిదే సార్. కుంటి దూడ కదల..."

"అరే, ఈయప్ప నోరు ఎవురన్నా మూయించండి దొరా, ఇచ్చిన ఉద్యోగం మళ్లీ పోగొట్టుకునేట్టుండాడు!" అన్నాడు సాయిబు.

గుడారం తాడు పట్టుకున్న జవాన్లు కూడా నవ్వారు. తాడు జారి గుడారం ఒక పక్కకు ఒరిగింది. ఆ గందరగోళంలో నా మనవి ఎవరూ రాసుకోలేదు.

ఆ సాయంత్రమే నాకు ఖాకీ బట్టలూ తలపాగా ఇచ్చారు. నిక్కరు ఇద్దరికి సరిపోయేంత వెడల్పు. మార్చమంటే మార్చలేదు. శెనక్కాయల కుర్రవాడికి కూడా ఆ నెలలోనే ఇంకో చోటు దొరికింది. తరువాత ఏళ్ల తరబడి ఇద్దరం ఒకే స్టేషనులో పనిచేశాం. మంచివాడే. ఆ రోజు అవతలికి జరిగినందుకు మాత్రం తప్పయిందని ఎన్నడూ ఒక మాట అనలేదు.

మొదటి సెలవుకు ఊరికి పోయినప్పుడు తలపాగా చుట్టుకొని, బెల్టు బిగించి, ముందు దొడ్డికే పోయాను. అప్పటికే గుడిసె మీద కొత్త సొరపాదు పాకింది. సాయిబు కడవ పట్టుకొని బావి దగ్గర ఉన్నాడు. నేను ఆయన ఎదురుగా నిలబడి, బూట్లు టక్కున కలిపి, పెద్దగా సలామన్నాను. తొమ్మిదేళ్ల బాకీ. ఆయన నన్ను ఒక చుట్టు చుట్టి చూసి, నిక్కరు చూసి గడ్డంలో నవ్వుకున్నాడు. తరువాత కడవ నా చేతికిచ్చాడు.

"లోపల ఆరు గొడ్లు ఉండాయి బేటా. ఆ తలపాగా తీసి పక్కన పెట్టి తోడు, బావిలో పడితే మళ్లీ మూడు కాగితాలు రాస్తావు."

తీసి గట్టు మీద పెట్టి, తాడు అందుకున్నాను. స్టేషను రికార్డులో మాత్రం ఇప్పటికీ పంతొమ్మిదే.